బస్సు దిగిన శుక్రవారం

ఖతార్‌లో క్రైస్తవులకు ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. సెలవు ఆ రోజే కాబట్టి ఆరాధనా ఆ రోజే. అసలు ఆదివారం నాడు అందరూ హెల్మెట్లు పెట్టుకుని డ్యూటీలో ఉంటారు. దీనికి దేవుడికేమీ అభ్యంతరం ఉన్నట్టు లేదు. అలవాటు పడడానికి మనుషులకే కొంచెం టైము పట్టింది.

అల్ రయ్యాన్ అవతల ఉన్న లేబర్ క్యాంప్ గేటు ముందు శుక్రవారం పొద్దున్నే ఒక తెల్ల బస్సు నిలబడేది. దాని డ్రైవరు లస్మయ్య. జగిత్యాల దిక్కు మనిషి, నలభై దాటినవాడు. బాప్తిస్మమప్పుడు ఏలియా అని పేరు పెట్టారు గానీ పాస్‌పోర్టు అంతకుముందే వచ్చేసింది. అందుకని చర్చిలోని తెలుగు సహవాసమంతా 'లస్మయ్య బ్రదర్' అనే పిలిచేది. వారమంతా స్టేడియం సైటుకు మనుషుల్ని మోసే ఆ బస్సును శుక్రవారం పూట చర్చికి ఇమ్మని క్యాంప్ బాస్ కమాలుద్దీన్ వెంటపడి సాధించింది ఆయనే. హైదరాబాదు మనిషి కమాలుద్దీన్ పెద్దగా బెట్టు చేయలేదు. "మా జుమ్మా నమాజుకు బండి పంపిస్తం గదా, మీకెందుకు పంపం? యల్లా, తీస్కపో" అన్నాడు.

క్యాంపులో మగవాళ్ళను ఎక్కించుకుని, అల్ ఘర్రాఫా విల్లాల్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళను ఎక్కించుకుని, లస్మయ్య అందర్నీ చర్చి కాంప్లెక్స్ ముందు దించేవాడు. ఒక్కవారం తప్పలేదు. గాలిదుమారానికి రోడ్డు కనబడని రోజున కూడా బస్సు వచ్చింది. పాస్టరు అయ్యగారు ఆరాధన చివర్లో "మన డ్రైవర్ బ్రదర్‌ను బట్టి దేవునికి స్తోత్రం" అనడమూ, అందరూ "ఆమేన్" అనడమూ ఒక వాడుకైపోయింది.

ఒక్కటే చిక్కు. లస్మయ్య ఆ చర్చిలో అడుగుపెట్టి రెండేళ్ళయింది.

ఆ సంగతి ఎవరికీ తోచకపోవడంలో వింతేమీ లేదు. అన్నం వడ్డించేవాణ్ణి 'నువ్వు తిన్నావా' అని అడిగేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

మొదట్లో కారణం ఉండేది, కల్పించింది కాదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు రాబోతోందని దేశమంతా తవ్విపోస్తున్న రోజులు. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండదు. ఇవాళ్టి మలుపు రేపు ఎర్ర డ్రమ్ముల వెనక్కి పోతుంది. చర్చి ముందరి పార్కింగు జాగాను కూడా తవ్వేశారు. బస్సులన్నీ ఇసుకలో నిలపాలి, గార్డు వచ్చి అద్దం మీద తడితే ముందుకో వెనక్కో జరపాలి. ఎవరో ఒకరు బండిలో ఉండక తప్పదు. డ్రైవరు ఉన్నాడు. ఆ మొదటి శుక్రవారం లస్మయ్య సీట్లోనే కళ్ళు మూసుకుని పాటలన్నీ పాడుకున్నాడు, లోపలివాళ్ళకంటే గట్టిగా ప్రార్థన చేసుకున్నాడు. రెండో వారం పాట సగంలో ఉండగా కునుకు పట్టింది. ఆ తర్వాతి వారం ఫోనుంది కదా అనిపించింది. నానాటికి తీసికట్టు నాగంభొట్లు అన్నట్టు, చివరికి ఏసీ, ఫోను, కునుకు, ఈ మూడే మిగిలాయి.

ఇంతలో రోడ్డు పని అయిపోయింది. కొత్త పార్కింగు వచ్చింది. గార్డు అద్దం తట్టడం మానేశాడు. కారణం పోయింది, లస్మయ్య మాత్రం సీట్లోనే ఉండిపోయాడు.

తాగాడా అంటే తాగలేదు. చెడు తిరుగుళ్ళు లేవు. కాలు జారి దబ్బున పడ్డవాడికైతే నొప్పి పుట్టి తెలుస్తుంది. లస్మయ్యకు ఎక్కడా నొప్పి లేదు. పైగా శుక్రవారం వారవారం వచ్చి ఆయన వీపు తట్టి పోతోంది. బయట పల్లకీ మోత బ్రహ్మాండంగా ఉంటే, ఇంట్లో ఈగల మోత ఎవరికి వినబడుతుంది?

సహవాసం వార్షికోత్సవానికి ముందురోజు, గురువారం సాయంత్రం, సెక్రటరీ సుధాకరరావు ఫోన్ చేశాడు. ఆయన ఇంజనీరు, భీమవరం దగ్గరి మనిషి, అల్ ఘర్రాఫాలో కుటుంబంతో ఉంటాడు.

"వందనాలండి బ్రదర్. రేపు సన్మానం మీకే చేయాలని కమిటీ అంతా ఒకే మాట మీద ఉందండి. శాలువా మీద 'నమ్మకమైన సేవకుడు' అని బంగారు దారంతో కుట్టించాం. మీరు ఒక్క రెండు ముక్కలు సాక్ష్యం చెబితే చాలు."

"నాకెందుకు సార్ గివన్నీ" అన్నాడు లస్మయ్య. వద్దు అని మాత్రం అనలేదు.

ఖతార్ ఎండలో శాలువా ఏమిటని అడగకండి. మనిషిని మెచ్చుకోవాలంటే తెలుగువాళ్ళకు ఇంకో దారి తెలియదు. లస్మయ్య ఫోన్ పెట్టేసి, అద్దంలో చూసుకుని, మీసం కొంచెం కత్తిరించుకున్నాడు.

అప్పుడే మారుతి గదిలోకి వచ్చాడు. పక్కమంచం అతనిదే, అతనూ కంపెనీ డ్రైవరే. మెట్‌పల్లి దగ్గర ఊరు. హిందువు, మంగళవారం మంగళవారం ఆంజనేయుడి పటానికి అగరొత్తి వెలిగించేవాడు. ఇద్దరిదీ పాత స్నేహం. అంతకుముందు ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ వైపు సైటులో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. అతని మొహం చూడగానే లస్మయ్య కత్తెర కింద పెట్టాడు.

"ఏమైందిరా?"

"నా పెండ్లాం రాణిని కరీంనగర్ దవాఖాన్ల షరీకు చేసిండ్రు అన్నా. ఇంక నెల దినాలున్నది కాన్పుకు. బీపీ బాగ పెరిగిందట. తల్లికి గండమే, బిడ్డకు గండమే అంటున్నరు. రేపు పగటీలి ఆపరేషన్." మారుతి మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వు ప్రార్థన చెయ్యి అన్నా."

లస్మయ్య లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు. తర్వాత ఏమీ రాలేదు. రేపు ఎక్కడ డైవర్షన్ ఉందో గుర్తొచ్చింది. శాలువా ఏ రంగుదో అనిపించింది. నోరు మాత్రం వాడుక కొద్దీ నాలుగు మాటలు పలికింది. ఫోనులో దారి చెప్పే ఆడగొంతులాగా, అంత స్పష్టంగా, అంత చప్పగా. ఆమేన్ అనేశాడు.

మారుతి కళ్ళు తెరిచాడు. "అయిపోయిందా?"

"అయింది."

"షమాల్ల ఉన్నప్పుడు గిట్ల చెయ్యకపోదువు గదన్నా" అన్నాడు మారుతి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "తెల్లారకముందే దుప్పట్ల కూసోని గొణుగుతుంటే నాకు నిద్రుండకపోవు. ఏడుస్తుంటివి. గా దేవునితోటి కొట్లాడుతుంటివి. నా పెద్దబిడ్డకు జొరమొస్తె, 'నువ్వు జూస్తవా సూడవా' అని గల్లవట్టి అడిగినట్టడిగినవ్. ఆయన మన మంచం మీదనే కూసున్నడా ఏంది అనుకున్న. ఇప్పుడు మైకుల చెప్పినట్టు చెప్పినవ్."

లస్మయ్యకు చురుక్కుమంది. షమాల్‌లో చర్చి వంద కిలోమీటర్ల దూరం. మూడేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నిసార్లు కూడా పోలేకపోయాడు. అప్పుడు దుప్పట్లో దొరికిన దేవుడు, ఇప్పుడు గుడి గుమ్మం ముందు బండి ఆపినా దొరకడం లేదు.

"రేపు నాతోటి రా" అన్నాడు, మాట తప్పించడానికి. "అయ్యగారుంటరు. గట్టిగ ప్రార్థన చేస్తరు."

"అయ్యగారు నాకెరుకనా? నాకు నీ దేవుడు ఎరుకైందే నీ నోట్లకెల్లి." మారుతి మంచం అంచున ముందుకు జరిగాడు. "ఒక మాటంట, కోపం చెయ్యకు. శుక్రారం శుక్రారం అందరు లోపలుంటరు, నువ్వు బండ్లకెల్లి నాకు వీడియో కాల్ చేస్తవ్. నేనెన్నడు అడగలే. పెండ్లికి బండి కట్టుకపోయి బండ్లెనే పండుకున్నోడు పెండ్లి జూసినట్టా అన్నా?"

"మరి బండి ఎవలు జూస్తరు? మీ తాత జూస్తడా?" లస్మయ్య గొంతు పెంచాడు.

"నేను జూస్త. నాకు లైసెన్సు లేదా? రేపు నేను బండ్లె కూసుంట. నువ్వు లోపలికి పోయి రాణి కోసం అడుగు. అయ్యగారు కాదు, నువ్వే అడగాలె. నువ్వడిగినవంటే నాకు ధైర్నం."

లస్మయ్య కత్తెర తీసి సొరుగులో పెట్టేశాడు. సరే అన్నాడు. ఆ రాత్రి శాలువా మాట ఆయనకు మళ్ళీ గుర్తు రాలేదు. ఒకటే భయం పట్టుకుంది. రేపు లోపలికి పోయాక కూడా నోరు ఇట్లాగే ఎండిపోతే? దేవుడు అక్కడ ఉండడేమోనని కాదు. ఆయన ఉంటాడు, ఆ నమ్మకం లస్మయ్యకు ఎన్నడూ పోలేదు. ఆయన ముందు నిలబడడానికి లోపల పాత లస్మయ్య మిగిలి ఉన్నాడా అన్నదే భయం.

తెల్లారి బస్సు ఎప్పటిలాగే కదిలింది. ఘర్రాఫాలో ఆడవాళ్ళు తలల్లో పూలు లేకపోయినా పండగ మొహాలతో ఎక్కారు. చర్చి కాంప్లెక్స్ ముందు అందరూ దిగి సంచులు పట్టుకుని చెకింగ్ లైనులోకి పోయారు. లస్మయ్య స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"దిగు అన్నా" అన్నాడు మారుతి వెనక సీట్లోంచి.

"మొదటి పాట అయినంక పోత."

"దిగు."

లస్మయ్య ఇంజను ఆపి, బండి తాళం మారుతి చేతిలో పెట్టి దిగాడు. రెండేళ్ళుగా అద్దంలోంచి చూసిన గేటు దాటి లోపలికి వెళ్ళాడు.

వెళ్ళాక తెలిసింది, తెలుగువాళ్ళు ఏ హాల్లో ఉంటారో తనకు తెలియదని. పాత హాలు తలుపు తీస్తే మలయాళం పాట. పక్క హాల్లో ఫిలిప్పీన్సువాళ్ళు చేతులు పైకెత్తి పాడుతున్నారు. ఇంతమందిని ఇన్నిసార్లు మోసుకొచ్చిన మనిషి, వరండాలో నిలబడి, కుర్చీలు సర్దుతున్న ఒకతన్ని "తెలుగు వాలా కిదర్ హై భాయ్?" అని అడగాల్సి వచ్చింది. అతను పైకి చూపించి, "న్యూ ఆద్మీ?" అన్నాడు నవ్వుతూ. లస్మయ్యకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అవును అన్నట్టు తలూపాడు.

మేడ మీద హాలు కిక్కిరిసి ఉంది. అందరూ లేచి నిలబడి పాడుతున్నారు, సుధాకరరావు భార్య శకుంతల మైకు దగ్గర పాట ఎత్తుతోంది. లస్మయ్య చిట్టచివర, చెప్పులు విడిచిన చోట, స్తంభం చాటున ఒక ఖాళీ కుర్చీ చూసుకున్నాడు. ఒకప్పుడు ఈ పాటకు డోలక్ వాయించింది తనే. ఇప్పుడు రెండో చరణం గుర్తు లేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ప్లాస్టిక్ కుర్చీకి నుదురు ఆనించాడు.

'ప్రభువా' అన్నాడు. మళ్ళీ నోరు ఎండిపోయింది. ఈసారి వాడుక మాటలు తోసుకొస్తుంటే పళ్ళు బిగించి ఆపేశాడు. తర్వాత చాలా చిన్నగా, దుప్పట్లో గొణిగినట్టు మొదలుపెట్టాడు.

"మాటలస్తలెవ్వు ప్రభువా. దొంగమాటలు ఒద్దు నీ ముంగట. రెండేండ్లు బయట కూసున్న. సల్లగ ఏసీల కూసున్న. బండి జూసుకుంటున్న అనుకున్న, సేవ అనుకున్న. నువ్వేమో ఈడున్నవ్, నేను గేటవతల. ఒక్కనాడన్న యాది చెయ్యకపోతిని. నువ్వు నన్ను మర్సిపోయినవా?" నుదురు కుర్చీకి ఇంకా గట్టిగా నొక్కాడు. "మర్వవు. నాకు తెలుసు నువ్వు మర్వవు."

ఆ మాట అనగానే ఏడుపు వచ్చింది. నలభై దాటిన మనిషి చెప్పుల మధ్య కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో బాధ కంటే సంతోషమే ఎక్కువ. ఎండిపోయిందనుకున్న బావిలో చేద వేస్తే నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇక ఆగలేదు. రాణి కోసం అడిగాడు. ఆమెను ఫోటోలో తప్ప చూడలేదు, అయినా తోడబుట్టిన చెల్లెలికి అడిగినట్టు అడిగాడు. కడుపులో బిడ్డ కోసం అడిగాడు. బతిమాలాడు, కొట్లాడాడు, మళ్ళీ బతిమాలాడు.

ఆయన అక్కడ అట్లా ఉండగానే ముందు వేదిక మీద సన్మానం ఘట్టం వచ్చేసింది. అయ్యగారు లస్మయ్య పేరు పిలిచి, వెంటనే తనే నవ్వారు.

"మన బ్రదర్ బండి వదిలి రారు కదా. సుధాకరరావు గారూ, శాలువా మీరే బస్సు దగ్గరికి తీసుకెళ్ళి కప్పి రండి."

సుధాకరరావు శాలువా పట్టుకుని చకచకా మెట్లు దిగాడు. ఆయన వచ్చేలోగా అయ్యగారు పొగడ్త అందుకున్నారు. "ఎండ కానివ్వండి, దుమారం కానివ్వండి, తన స్థలం విడిచిపెట్టని మనిషి. సన్మానానికి పిలిచినా కదలడం లేదంటే చూడండి! మనందరికీ ఇట్లాంటి నమ్మకత్వం కావాలి!" హాలంతా "ఆమేన్" అంది. స్తంభం చాటున లస్మయ్య తల ఎత్తాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, బయట ఉన్నందుకు తనను పొగుడుతున్నారు, తను లోపల ఉండగా.

సుధాకరరావు రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలో శాలువా లేదు.

"అయ్యగారూ, బ్రదర్ బస్సులో లేరండీ! ఇంకెవరో కూర్చుని ఉన్నారు. లోపలికి పోయారంటాడు. లోపల ఎక్కడున్నారు? ఎప్పుడైనా వచ్చారా?"

హాల్లో గగ్గోలు పుట్టింది. ఎవరో ఆడమనిషి "అయ్యో, ఏమైందో బ్రదర్‌కి, ఒంట్లో బాగుందో లేదో" అంది. పొద్దున బస్సులో ఆయన మొహం అదోలా ఉందని ఇంకొకామె గుర్తు చేసుకుంది. గార్డును కనుక్కుందామని ఇద్దరు లేచారు. లస్మయ్య బస్సులో లేడంటే ప్రమాదమే జరిగి ఉండాలని ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తోచింది. అయ్యగారు చేతులెత్తి, "కంగారు పడకండి, బ్రదర్ క్షేమం కొరకు ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"అయ్యగారూ" అన్నాడు వెనకనుంచి లస్మయ్య. "నేనీడున్న."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. కళ్ళు ఎర్రబడి, మోకాళ్ళకు దుమ్ము అంటుకుని, చెప్పుల కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు.

"నాకేం కాలే. బాగున్న. రెండేండ్లకెల్లి బాగలేకుంటి, మీకు తెల్వలే, నాకు సుత తెల్వలే. మిమ్ముల దించి బండ్లె పండుకున్న. ప్రార్థన లేదు, వాక్యం లేదు. దేవుని ఇంటికి వారవారం లోడ్ కొట్టినోన్ని, నేను మాత్రం దిగలే. గా శాలువ మీద రాసింది నాది కాదు." ఆశ్చర్యంగా, అది ఆయన పాత గొంతే. "శాలువ ముచ్చట తర్వాత. కరీంనగర్ల ఒక ఆడబిడ్డను గీ టైముకు ఆపరేషన్‌కు తీస్కపోతున్నరు. పేరు రాణి. ఆమె పెనిమిటే నన్ను బండి దింపి ఈడికి తోలిండు. ఆమె కోసం అడుగుదాం. నేనడుగుత, మీరు నాతోటి అడుగుండ్రి."

ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ప్రార్థనలో అందమైన మాటలేమీ లేవు. అయినా ముందు వరుసలోని పెద్దవాళ్ళు కూడా కుర్చీలు దిగి మోకరించారు.

ఆమేన్ అన్నాక అయ్యగారు మైకు పక్కన పెట్టి స్తంభం దాకా నడిచి వచ్చారు. "తప్పు మాది కూడా బ్రదర్. రెండేళ్ళు మీకు ప్లేటు బస్సు దగ్గరికి పంపించాం గానీ, మీరు రారేం అని అడగలేదు" అన్నారు. "వచ్చే వారం నుంచి బండి దగ్గర వంతులు వేసుకుందాం. మొదటి వంతు నాది."

"మీరు బండ్లో కూర్చుంటే వాక్యం ఎవరు చెబుతారండీ?" అన్నాడు సుధాకరరావు. "నేను కూర్చుంటాను." హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, నిజంగానే అన్నాడు.

ప్రేమవిందు భోజనం ప్లేట్లు రెండు పట్టుకుని లస్మయ్య బస్సు దగ్గరికి వచ్చాడు. మారుతి డ్రైవరు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు, ఒళ్ళో ఫోను. ఏసీ చలికి తట్టుకోలేక మెరూన్ రంగు శాలువా నిండుగా కప్పుకుని ఉన్నాడు.

"గా సారు ఉరుక్కుంటొచ్చి, నన్ను జూసి బీరిపోయి, గిది నా చేతుల వెట్టి మల్ల ఉరికిండు" అన్నాడు. బంగారు దారం అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. "నమ్మకమైన సేవకుడట. ఎవలన్నా గీన?"

"ఇయ్యాలటికి నువ్వే. ఉండనియ్యి."

మారుతికి అర్థం కాలేదు. అడగలేదు కూడా. అతనికి కావలసింది వేరే ఉంది. "అడిగినవా అన్నా?"

"అడిగిన."

"నువ్వేనా, అయ్యగారా?"

"నేనే అడిగిన. గల్లవట్టి అడిగిన."

మారుతి ఆయన మొహంలోకి, ఉబ్బిన కళ్ళలోకి చూశాడు. షమాల్‌లో తెల్లవారుజామున చూసిన మొహం అదే. బండి తాళం తీసి లస్మయ్య చేతిలో పెట్టాడు.

అప్పుడే ఫోను మోగింది. తెరమీద కరీంనగర్‌లో ఉన్న బావమరిది పేరు. మారుతి దాని వంక చూశాడే గానీ ఎత్తలేకపోయాడు.

లస్మయ్య ప్లేట్లు డాష్‌బోర్డు మీద పెట్టి, ముందురోజు వేసిన భుజం మీదే చెయ్యి వేశాడు. ఈసారి ఆ చేతికి బరువుంది.

"ఎత్తురా. ఏ కబురైనా సరే, ఆయనున్నడు. నేనిప్పుడే మాట్లాడొచ్చిన. ఎత్తు."

మారుతి ఎత్తాడు.